నాకు ఉక్కపోత, ఊరికి చలి

ఓడ దిగిన తొమ్మిదో రోజు

ఒళ్ళు: ముక్కు తప్ప మిగతాదంతా నాదే. మీట: ఆరో గాడి. ఫిర్యాదులు: నాలుగు. నాలుగూ గవరయ్య బావవే.

ఊరి వేడి మీట పట్టుకున్నవాడు ఈ పుస్తకంలో రోజూ ఈ మూడే రాయాలని మా ఊరు ఎర్రపుట్ట కట్టుబాటు. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన ఏడాది పొడుగునా "బాగుంది, అయిదు, లేవు" అని రాసి మూసేశాడు. చదువుతుంటే నాకు ఆవలింతలొచ్చాయి. నేను అయిదో తరగతిలోనే బడి ఎగ్గొట్టి మళ్ళీ వెళ్ళనివాణ్ణి కాబట్టి రాయడమంటే ఇంకా మొహం మొత్తలేదు. కొంచెం ఎక్కువే రాస్తాను. ఇష్టం లేనివాళ్ళు మొదటి వరస చదివి పోవచ్చు.

రెండేళ్ళకోసారి భూమి నుంచి ఓడ వస్తుంది. మందులు తెస్తుంది, మరమేకులు తెస్తుంది, ఎవరూ అడక్కపోయినా ఓ రొంప కూడా తెస్తుంది. మేం రెండువందల పన్నెండు మందిమి. ఒకటే సొరంగం, ఒకటే గాలి. ఒకడు తుమ్మితే ఊరంతా వరసగా తుమ్మాల్సిందే. ఈసారి రొంప గట్టిది. గొంతు మంట, జ్వరం, పొడి దగ్గు, ఒళ్ళు నొప్పులు. మా ఆవిడ తవిటమ్మకి మూడు రోజులు, నాకు అయిదు.

గవరయ్య బావకి మాత్రం ఇంకా పట్టలేదు. ఆయన తవిటమ్మకి అన్న. మూతికి గుడ్డ కట్టుకుని, నాకు ఆరడుగుల దూరంలో నిలబడి, చలేస్తోందని ఫిర్యాదు రాయించాడు.

"పుట్టిన కాడ్నించి నీకు సలే కదా బావా. నీకోసం ఊరిని ఉడకబెట్టమంటావేటి?" అన్నాను.

"నీ కుర్సీ ఏడాదే గదా. రోజులు లెక్కెడతన్నాను," అన్నాడు గుడ్డలోంచి.

ఆయన లెక్క పెట్టడానికి కారణం ఉంది. కిందటేడు నేను రబ్బరు ముక్కతో బల్లిని చేసి, గొట్టం మీద దారం కట్టి, ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు నెత్తి మీద పడేశాను. ఎర్రపుట్టలో బల్లి అన్నది ఎవరూ చూడలేదు. మేమున్నది కుజుడి మీద. ఇక్కడికి బల్లి ఎలా వచ్చిందని ఒక్కరూ అడగలేదు. తల మీద పడితే ఏం ఫలితమని మాత్రం అందరూ అడిగారు. బావ మూడు రోజులు గది దాటి బయటికి రాలేదు.

పదిహేనో రోజు

ఒళ్ళు: రొంప పోయింది, దగ్గు పోతోంది. మీట: ఆరు. ఫిర్యాదులు: రెండు.

ఓడలో వచ్చిన కొత్త నర్సు ఎస్తేరు రాణి నా గదికి వచ్చింది. యాభై దాటిన మనిషి, గుంటూరు వైపు మాట. వచ్చిన రోజునే ఆవిణ్ణి ఆట పట్టించాను. కొత్తగా వచ్చినవాళ్ళు పొద్దున్నే చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళి కుంపటికి దణ్ణం పెట్టాలని చెబితే రెండు రోజులు పెట్టింది పాపం. కుంపటి అంటే ఊరి అడుగున ఉన్న అణుపొయ్యి. దాని వేడినీళ్ళు గోడల్లో గొట్టాల గుండా తిరిగితేనే మాకు ప్రాణం. బయట చలి ఎంతంటే ఉమ్మితే రాయై పడుతుంది.

"ఊళ్ళో ఒక్క థర్మామీటరూ లేదేంటండీ?" అని అడిగింది.

చెప్పాను. ఇరవై ఏళ్ళ కిందట ప్రతి గోడకీ ఒకటి ఉండేది. మా దుమ్ము ఎందులోకైనా దూరుతుంది, కాబట్టి ఒక్కోటీ ఒక్కో అంకె చూపించేది. వాకిలి వైపు వాళ్ళు ఉక్కపోతని, వెనక కొస వాళ్ళు చలని, చెరో థర్మామీటరు చేత పట్టుకుని కొట్టుకునేవారు. ఒక పెళ్ళి పంక్తిలో ఒకాయన పన్ను ఊడింది. మర్నాడు పెద్దలు థర్మామీటర్లన్నీ పీకి ట్రంకుపెట్టెలో వేసి తాళం వేశారు. ఇక అంకెలు వద్దు, ఏడాదికి ఒక మనిషిని ఎన్నుకుందాం, ఆ మనిషి ఒంటికి ఏది హాయో ఊరికంతా అదే హాయి అన్నారు. దాని పేరు ఒంటికొలత. గాడిని చూసి కూడా లాభం లేదు. గొట్టాల్లో దుమ్ము పేరుకుంటే నిన్నటి ఆరు ఇవాళ అయిదవుతుంది. మీట పట్టుకున్నవాడి చర్మమే లెక్క. ఎవరేమన్నా ఫిర్యాదు రాయాలి, విని మీట కదపకూడదు. వింటే మళ్ళీ పళ్ళు ఊడతాయి.

"ఆ మనిషికి జ్వరమొస్తే?"

"తగ్గినదాకా మీట ముట్టుకోడు తల్లీ. మొన్న అయిదు రోజులూ నాను ముట్టుకోలేదు."

"జ్వరం కాక ఇంకేమన్నా వస్తే?"

"ఇంకేటొస్తాది?" అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. చెంబు సంగతి తెలిసిపోయిందేమో అనుకున్నాను.

ముప్ఫై ఒకటో రోజు

ఒళ్ళు: ఉక్క. మీట: అయిదు. ఫిర్యాదులు: ఆరు.

నాలుగు రోజులుగా మెడ ముందువైపు నొప్పి. మింగితే చెవిలోకి పొడుచుకొస్తోంది. దవడ పన్ను అయ్యుంటుంది. లవంగం పెట్టుకున్నాను. గుక్కెడు నీళ్ళు తాగితే చెంబెడు చెమట పడుతోంది. కుంపటి ఈ మధ్య జోరు మీదున్నట్టుంది. ఒక గాడి తగ్గించాను.

ముప్ఫై ఆరో రోజు

ఒళ్ళు: ఉక్క. మీట: నాలుగు. ఫిర్యాదులు: పదకొండు.

తవిటమ్మ వరి సంగతి ఇక్కడ రాయాలి. ఎర్రపుట్టలో వరి అన్నం తిన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు తప్ప లేరు. మిగతావాళ్ళం నాచు రొట్టె మీద పెరిగాం. తవిటమ్మ తొమ్మిదేళ్ళుగా వరి వేస్తోంది. ఒకేడు మొలక కుళ్ళింది, ఒకేడు నీళ్ళు చాల్లేదు, ఒకేడు మొక్క మనిషెత్తు పెరిగి ఊరికే నిలబడింది. ఉన్న విత్తనంలో ఆఖరి గుప్పెడు ఈసారి పన్నెండు తొట్లలో చల్లింది. చక్కగా వచ్చింది. రోజూ దాన్ని చూసి వచ్చాకే తల దువ్వుకుంటుంది.

ఇవాళ పొద్దున నా గదికొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"వరి పొట్ట మీదున్నాది మావా, వెన్నింకా లోపలే. ఈ పది పన్నెండు రోజులూ సలి తగిలిందంటే గింజ కట్టదు. వెన్నంతా తాలే. ఒక గాడి పెంచు."

"సలేటే? ఇదిగో సూడు," అని చొక్కా పిండి చూపించాను. నిజంగానే నీళ్ళు కారాయి.

ఆవిడ చొక్కా వంక చూసింది, నా మొహం వంక చూసింది. "నీళ్ళు పోసుకుని వచ్చేవేటి?" అంది.

నాతో ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి అడగాల్సిన మాటేనా? అడగాల్సిందే. పెళ్ళైన కొత్తలో నేను మూర్ఛ వచ్చినట్టు పడిపోయి ఆవిణ్ణి ఏడిపించాను.

నలభై ఒకటో రోజు

ఒళ్ళు: ఉక్క. గుండె పరుగు పందెంలో ఉన్నట్టుంది. మీట: మూడు. ఫిర్యాదులు: ముప్ఫై ఎనిమిది.

ఇప్పుడు అర్థమైంది. ఊరంతా కలిసి నా మీద నాటకం కట్టింది. సూత్రధారి గవరయ్య బావ. బల్లికి బదులు తీర్చుకుంటున్నాడు.

పొద్దున పంక్తిలో చూశాను. అందరూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. పళ్ళు టకటకలాడిస్తున్నారు. ముక్కు కొసలు ఎర్రగా ఎలా చేసుకున్నారో తెలీదు గానీ బాగా కుదిరింది. నోటి ముందు పొగ కూడా వస్తోంది. నేనైతే ఇంత పెద్ద వేళాకోళం ఎప్పుడూ చేయలేకపోయాను. లోపల కొంచెం అసూయ పడ్డాను.

బనీను మీద వెళ్ళి బావ పక్కన కూర్చున్నాను.

"ఏటి బావా, మమ్మల్నందర్నీ గడ్డ కట్టించేత్తావేటి?" అన్నాడు.

"నాకు సెమటలు పోత్తన్నాయి బావా."

"పోత్తాయి, పోత్తాయి. బల్లి పడ్డ రోజునా ఇలగే అన్నావు, నాకేటీ తెల్దని."

"మీ నాటకం బాగున్నాది గానీ పొగ ఎలగ తెప్పిస్తన్నారో అది ఒక్కటీ సెప్పు."

బావ చెంచా కింద పెట్టేశాడు. "నవ్వులాట ఆపీ బావా. వెనక్కొసన ముసలోళ్ళు మంచాల మీంచి లేవట్నేదు," అన్నాడు. ఎంత బాగా చెప్పాడంటే, నాకు దాదాపు నమ్మకం కలిగింది. తర్వాత గుర్తొచ్చింది, ఆయన చిన్నప్పుడు నాటకాల్లో వేషాలు వేసేవాడు.

రెండు పూటల రొట్టె ఒక పూటే తినేస్తున్నాను. అయినా పంచె నడుం మీద నిలవట్లేదు. రాస్తుంటే అక్షరాలు వణుకుతున్నాయి. పెన్ను మంచిది కాదు.

నలభై ఏడో రోజు

ఒళ్ళు: ఉక్క. మీట: రెండు. ఫిర్యాదులు: తొంభై. ఇక పేర్లు రాయడం లేదు.

తవిటమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఆవిడ కూడా అన్న పక్షాన చేరిపోయింది. నాలుగు రోజులుగా ఇంటికి కూడా సరిగ్గా రావడం లేదు, వరి గదిలోనే ఉంటోంది. నేను ఓడిపోయానని ఒప్పుకునేదాకా ఇలాగే నడిపిస్తారని నా అనుమానం. నేను ఒప్పుకోను.

పెద్దలు నలుగురు వచ్చి మీట దగ్గర నిలబడ్డారు. ఎవరూ ముట్టుకోలేదు. కట్టుబాటు కట్టుబాటే. ముట్టుకుంటే ఊరు మళ్ళీ రెండు ముక్కలవుతుందని వాళ్ళ భయం. ఇంత చలిలోనూ, అంటే వాళ్ళు చలి అంటున్న దానిలోనూ, వాళ్ళు మాట తప్పలేదు. నాటకమైనా మెచ్చుకోవాలి.

నలభై తొమ్మిదో రోజు

ఒళ్ళు: చెబుతాను. మీట: పొద్దున రెండు, మధ్యాహ్నం ఎనిమిది. ఫిర్యాదులు: ఒకటీ లేదు. రాయించడానికి ఎవరూ రాలేదు. అదే నాకు మొదట తేడాగా అనిపించింది.

పొద్దున బొంత కోసం వెతికాను, కప్పుకోవడానికి కాదు, పరుచుకోవడానికి. ఇంట్లో బొంత లేదు. తవిటమ్మ చీరలు కూడా లేవు. పెట్టె ఖాళీ. ఇది హద్దు దాటిందనుకుని వరి గదికి వెళ్ళాను.

తవిటమ్మ తొట్ల మధ్య కింద కూర్చుని ఉంది. పన్నెండు తొట్లలో ఆరు తొట్లకి చుట్టూ గుడ్డలు కప్పి ఉన్నాయి. మా బొంత ఒకదానికి, ఆవిడ చీరలు మిగతావాటికి. మా పెళ్ళి చీర కూడా. చీరల కింద వేడినీళ్ళ డబ్బాలు. గంటకోసారి వంటశాల నుంచి నీళ్ళు మోసుకొచ్చి మారుస్తోందట. ఆవిడ ఒంటి మీద ఒకే చీర, పల్చటిది. పెదవులు నల్లబడ్డాయి. నన్ను చూసి లేవడానికి కూడా ఓపిక లేక చేయి మాత్రం ఊపింది, పొమ్మని.

ఆ చేయి పట్టుకున్నాను. రాయి పట్టుకున్నట్టుంది.

నేను జీవితమంతా వేళాకోళాలు చేసినవాణ్ణి. వాటి లెక్క నాకు తెలుసు. ఏ వేళాకోళానికైనా ఒక చోట నవ్వు ఉంటుంది, దాన్ని దాచుకోలేక మూతి ఒక పక్కకి పోతుంది. తవిటమ్మ మూతి ఎటూ పోలేదు. వేళాకోళానికి ఎవరూ తమ బొంత తీసుకెళ్ళి వరికి కప్పరు. పైగా కప్పు లేని తొట్లలో ఆకు పాలిపోయి ఉంది. వరికి నాటకం రాదు.

"నిజంగా సలేనా తవిటీ?" అన్నాను.

ఆవిడ చల్లటి అరచెయ్యి నా మెడ మీద పెట్టింది. నొప్పికి ఎగిరిపడ్డాను. అప్పుడు ఆవిడ మొదటిసారి కోపంగా కాకుండా నా వంక చూసింది.

"మెడకేటైంది?"

"పన్ను."

"పన్ను మెడలో ఉంటాదేటి?" అంది. లేచి, నా చేయి పట్టుకుని ఎస్తేరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. దారి పొడుగునా ఆవిడ వణుకుతోంది, నేను చెమటలు కక్కుతున్నాను. చూసినవాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

ఎస్తేరమ్మ నన్ను చేతులు ముందుకి చాపమంది. వేళ్ళ మీద ఒక కాగితం పెట్టింది. కాగితం గాలిలో ఆకులా కొట్టుకుంది.

"ఇదేదో నువ్వు నామీద ఆడుతున్న ఆట కదా, చెంబుకి బదులు," అన్నాను.

"చెంబు సంగతి తర్వాత తేలుద్దాం, పోలినాయుడు గారూ. నోరు మూసి కూర్చోండి," అని నాడి పట్టింది. నిమిషానికి నూట ఇరవై. ఊరికే కూర్చున్నవాడికి. తర్వాత ఈ పుస్తకం తెమ్మంది. మొదటి వరసలు మాత్రం చదివింది, వేలు పెట్టి, రోజు వెంట రోజు. ఆరు, అయిదు, నాలుగు, మూడు, రెండు. ఉక్క, ఉక్క, గుండె పరుగు. మెడ నొప్పి దగ్గర ఆగింది. వెనక్కి తిప్పి రొంప తారీఖు చూసింది.

"మీ జబ్బుని మీరే రోజూ రాసుకున్నారు. మీరు తప్ప అందరూ చదవాల్సింది," అంది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. మెడలో గొంతు ముందు థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. ఒంటికి కుంపటీ మీటా రెండూ అదే. రొంప తెచ్చిన వైరస్ పోతూ పోతూ కొందరిలో ఆ గ్రంథికి వాపు తెచ్చిపెడుతుందట, రొంప తగ్గిన రెండు మూడు వారాలకి. వాచిన గ్రంథి తను దాచుకున్న సరుకంతా ఒక్కసారి రక్తంలోకి ఒలకబోస్తుంది. ఇక ఒళ్ళంతా మంట, చెమట, దడ, వణుకు, ఆకలి, చిక్కిపోవడం.

"రొంప ఊరందరికీ వచ్చింది. మెడ నాకే ఎందుకు వాచింది?"

"ఏ కొందరికో అవుతుంది. మామూలుగా ఆడవాళ్ళకి ఎక్కువ."

తవిటమ్మ నవ్వింది. నల్లబడ్డ పెదవులతోనే నవ్వింది. ఆరు రోజుల తర్వాత ఆవిడ నవ్వు వినడం. జబ్బు రావడం మంచిదే అనిపించింది.

"రక్తం తీసి చూసి గట్టిగా చెబుతాను. వాపు తగ్గడానికి మాత్ర, దడకి ఇంకో మాత్ర ఇస్తాను. ఇది చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. కానీ సరుకు అయిపోయాక కొన్నాళ్ళు అంతా తలకిందులవుతుంది. అప్పుడు చలి."

"చాలామందికంటే?"

"అందరికీ కాదు అని," అంది ఎస్తేరమ్మ.

నేను లేచి గదికి పరిగెత్తి మీట ఎనిమిదికి లాగాను. నా ఒళ్ళు అట్టుడికిపోయింది. పట్టించుకోలేదు.

యాభయ్యో రోజు

ఒళ్ళు: దాని మాట ఇక ఎవరూ వినరు. మీట: నా చేతిలో లేదు.

ఊరంతా పంక్తి గదిలో కూడింది. ఎస్తేరమ్మ లేచి నా మెడ సంగతి చెప్పింది. గవరయ్య బావ లేచాడు.

"నాను నమ్మను. ఆడు నర్సమ్మని కూడా కలిపేసుకున్నాడు."

"నాకు చెంబు పట్టించినాయనతో నేను కలుస్తానా?" అంది ఎస్తేరమ్మ.

దాంతో సగం మంది నమ్మారు. మిగతా సగం కోసం ట్రంకుపెట్టె తెరవాల్సి వచ్చింది. తాళంచెవి బావ దగ్గరే ఉంది, ఇరవై ఏళ్ళుగా మొలతాడుకి కట్టుకుని తిరుగుతున్నాడు. తీశాడు. దుమ్ము పట్టిన థర్మామీటర్లు పది పైగా ఉన్నాయి. మూడు మాత్రం ఇంకా బతికున్నాయి. మీట మళ్ళీ రెండుకి దించి, వాటిని ఒక గంట పంక్తి గదిలో పెట్టి చూశారు.

ఒకటి పదమూడు అంది. ఒకటి పదహారు అంది. ఒకటి పద్నాలుగున్నర. మూడూ మూడు మాటలు చెప్పినా ఒక్కటీ నా మాట చెప్పలేదు. వాటి ముందు నేను బనీనుతో నిలబడి విసురుకుంటున్నాను.

బావ నా దగ్గరికొచ్చాడు. నా నుదురు మీద చెయ్యేసి, ఆ చెయ్యి తన దుప్పటికి తుడుచుకున్నాడు. "ఓరి నా బావా," అన్నాడు.

మీట మీద తవిటమ్మని కూర్చోబెట్టారు. ఈ పుస్తకం మాత్రం రాయడం అలవాటైపోయింది కాబట్టి నా దగ్గరే ఉంచమని అడిగాను. ఉంచారు.

ఇంటికెళ్ళే దారిలో తవిటమ్మతో, నీ వరిని నేనే పాడు చేశాను అన్నాను.

"సలి నీ మెడ చేసిన తప్పు. నాను సెప్పితే నమ్మకపోడం నీ తప్పు," అంది.

ఆ మాట తారీఖుతో సహా రాసి పెడుతున్నాను.

అరవై రెండో రోజు

ఒళ్ళు: దడ తగ్గింది. మెడ నొప్పి పోయింది. మీట: ఏడు.

రక్తం ఫలితం ఎస్తేరమ్మ చెప్పినట్టే వచ్చింది. వరి వెన్ను తీసింది, పన్నెండు తొట్లలోనూ. ఊరంతా చూడటానికి వెళ్ళింది. నేను సంతోషపడబోతే తవిటమ్మ ఆపింది.

"వెన్ను బయటికి రాడం వేరు, గింజ కట్టడం వేరు. తాలు కూడా నిటారుగా సక్కగా నిలబడతాది. గింజున్నదే వంగుతాది. సూద్దాం."

అప్పటినించీ రోజుకి మూడుసార్లు వెళ్ళి చూస్తున్నాను, ఏదైనా వంగిందా అని. నేను ఇంత వినయం కోసం ఎప్పుడూ ఎదురుచూడలేదు, మనుషుల్లో కూడా.

డెబ్భై ఎనిమిదో రోజు

ఒళ్ళు: చలి. మీట: ఆరు. ఫిర్యాదులు: ఒకటి. నాదే.

ఎస్తేరమ్మ మాట తప్పలేదు. సరుకు అయిపోయింది. నాలుగు దుప్పట్లు కప్పుకున్నా ఎముకల్లో చలి. మొహం ఉబ్బింది. కాళ్ళు మట్టి ముద్దల్లా ఉన్నాయి. ఒక వరస రాసి రెండో వరస దాకా వచ్చేసరికి ఏం రాస్తున్నానో మర్చిపోతున్నాను.

ఒక గాడి పెంచమని తవిటమ్మని బతిమాలాను.

"ఫిర్యాదు రాసుకో," అంది మీట మీంచి చెయ్యి తియ్యకుండా.

రాసుకున్నాను.

తొంభయ్యో రోజు

ఒళ్ళు: చలి, నిద్ర. మీట: ఆరు.

గవరయ్య బావ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. నా గూట్లోంచి రబ్బరు బల్లిని తీసి నా చేతికి దగ్గరగా పెట్టాడు. తర్వాత తల వంచి, చెప్పు సర్దుకుంటున్నట్టు, వంచిన తల అలాగే ఉంచాడు.

నాకు అర్థమైంది, నెత్తిన బల్లి వేయమని. కానీ చెయ్యి ఎత్తే ఓపిక లేదు.

"నెల దాటింది బావా, నన్నొక్క మాటైనా అనలేదు నువ్వు," అన్నాడు తల ఎత్తకుండానే. "ఇంటికాడ తిండి సయించట్నేదు నాకు."

"రేపు," అన్నాను.

"రేపు తప్పకుండా?"

"సూద్దాం."

ఆయన వెళ్ళాక తవిటమ్మ ఎస్తేరమ్మని అడగడం వినబడింది, ఈ మనిషి ఇలాగే ఉండిపోతాడా అని. ఎస్తేరమ్మ జవాబు వినబడలేదు. నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. అంతకుముందే తొట్ల దగ్గర కొన్ని వెన్నులు వంగాయని తవిటమ్మ చెప్పింది. ఎన్ని అని అడగలేదు. భయమేసింది.

నూట నాలుగో రోజు

ఒళ్ళు: పొద్దున లేవగానే రెండు దుప్పట్లు తీసేశాను. ఎందుకు తీశానో తర్వాత తెలిసింది. మీట: ఆరు.

ఎస్తేరమ్మ మళ్ళీ రక్తం చూసింది. గ్రంథి మేలుకుంది, మళ్ళీ పని మొదలుపెట్టింది. ఇంకో నెలలో పూర్తిగా దారిలో పడొచ్చు అంది. జీవితాంతం మాత్ర అక్కర్లేకపోవచ్చు అంది. మాత్ర అంటే మళ్ళీ ఓడ రావాలి, ఓడంటే రెండేళ్ళు. ఆ మాట ఆవిడ ఇన్నాళ్ళూ నాతో అనలేదు.

ఊరు కొత్త కట్టుబాటు పెట్టుకుంది. ఇకనించి మీట మీద ఒకరు కాదు, ముగ్గురు. చలి మనిషి ఒకరు, ఉక్క మనిషి ఒకరు, మామూలు మనిషి ఒకరు. ముగ్గురిలో మధ్యలో ఎవరి మాట పడితే అది. పెట్టెలోని థర్మామీటరు ఒకటి పంక్తి గదిలో వేలాడదీశారు, గోడ వైపు తిప్పి. తిప్పి చూసే హక్కు ఎస్తేరమ్మకి మాత్రమే. చలి మనిషిగా గవరయ్య బావని ఎన్నుకోవడానికి చెయ్యి ఎత్తాల్సిన అవసరం కూడా రాలేదు.

నూట పదమూడో రోజు

ఒళ్ళు: బాగుంది. మీట: ఆరు. ఫిర్యాదులు: లేవు.

ఇవాళ నూర్పు.

పన్నెండు తొట్ల వరీ కోసి, పంక్తి గదిలో దుప్పటి పరిచి చేత్తో దులిపారు. కుప్ప చూడ్డానికి పెద్దదే. తవిటమ్మ చేట తీసుకుంది. రెండువందల పన్నెండు మందీ చుట్టూ నిలబడ్డారు. ఎవరూ దగ్గలేదు.

ముందు కప్పు లేని ఆరు తొట్ల కుప్ప చెరిగింది. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి తాలు నేలకి రావడానికి తొందరపడదు. చేట ఎగరేసినప్పుడల్లా పొట్టు లేచి, దీపాల కింద తిరుగుతూ, మెల్లగా, చాలా మెల్లగా దిగింది. చేటలో ఏమీ మిగల్లేదు. మళ్ళీ ఎగరేసింది. మళ్ళీ అంతే. గది నిండా నా మెడ చేసిన తప్పే తిరుగుతున్నట్టుంది నాకు. తల వంచుకున్నాను. ఎవరో నా భుజం మీద చెయ్యేశారు. చల్లటి చెయ్యి, బావది.

తర్వాత బొంత కప్పిన తొట్టి. ఎగరేసింది. తాలు లేచింది. దాని కింద ఇంకో చప్పుడు వినబడింది, చేట మీద గింజ పడే చప్పుడు. ఆ చప్పుడు ఎర్రపుట్టలో పుట్టినవాళ్ళు ఎవరూ అదివరకు వినలేదు. అయినా అదేమిటో అందరికీ తెలిసింది. తవిటమ్మ ఆగి, చేటలోంచి ఒక గింజ తీసి పంటి కింద పెట్టుకుంది. టక్కుమంది.

"కట్టింది," అంది.

అక్కడే కూర్చుండిపోయింది. మిగతా తొట్లు ఎవరెవరో చెరిగారు. పెళ్ళి చీర కప్పిన తొట్టి అన్నిటికంటే బాగా పండింది. ముందు విత్తనానికి మూట కట్టారు, పెద్ద మూట. మిగిలింది దంచి వండితే మనిషికి ఒక్కో ముద్ద వచ్చింది. తెల్లగా, వేడిగా, ఆవిరితో.

నా ముద్ద చేత్తో పట్టుకుని, కాసేపు చూసి, నోటి దాకా తెచ్చాను. అప్పుడు నా నెత్తి మీద ఏదో మెత్తగా, తోకతో, టప్పున పడింది.

నేను ఎగిరిన ఎగురుకి పక్కవాళ్ళ నీళ్ళు ఒలికాయి. ముద్ద మాత్రం వదల్లేదు. పైకి చూస్తే గొట్టం మీద దారం, దారం కొసన గవరయ్య బావ, మూతి ఒక పక్కకి పోయి, ఆ నవ్వు దాచుకోలేక. తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎస్తేరమ్మ లేచొచ్చి నా నాడి పట్టి చూసి, "డెబ్భై ఎనిమిది. బల్లి పడినందుకు ఆ మాత్రం ఉండాలి," అంది.

రాయవలసినది రాస్తున్నాను. బల్లి, రబ్బరుది, తల మీద పడింది, పంక్తిలో. ఫలితం: కొత్త అన్నం.